రేడియేటర్ ఫ్యాన్‌కు మాన్యువల్ స్విచ్: చెన్నైలో ఒక పాత పెట్రోల్ కారు మీద చేసిన పని

కారు రాయపురం నుంచి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఫ్యాన్‌కు ఈసీయూతో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌తో) ఏ సంబంధమూ లేని పాత పద్ధతి సర్క్యూట్. ఓనరు చెప్పింది ఇది: కోయంబేడు, పాడి ట్రాఫిక్‌లో నిలబడితే హీట్ గేజ్ ముల్లు ఎర్ర గీత దాకా ఎక్కుతోంది, రెడ్‌హిల్స్ దాటి సూళ్లూరుపేట రోడ్డెక్కాక దానంతటదే దిగిపోతోంది. డాష్‌బోర్డు కింద ఫ్యాన్ కోసమని అంతకుముందు ఎవరో బిగించిన టాగుల్ స్విచ్ కరిగిపోయి ఒక పక్కకు ఒరిగిపోయింది. "ఇంకాస్త పెద్ద స్విచ్ ఒకటి వేసిచ్చెయ్యన్నా, చాలు" అని ఆయన అడిగారు.

పెద్ద స్విచ్ వేస్తే ఇంకో ఏడాది నడుస్తుందేమో. కానీ ఆ స్విచ్ ఎందుకు కరిగిందో, అసలు ఆ స్విచ్ అవసరం ఎందుకు వచ్చిందో చూడకుండా మళ్లీ అక్కడే ఇంకోటి పెడితే ఈసారి కరిగేది స్విచ్ కాకపోవచ్చు, వైరు కావచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: తప్పు ఫ్యాన్‌దేనా?

ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే మీద చల్లబడితే అనుమానం ఫ్యాన్ వైపే పోవాలి. బండి యాభై, అరవై వేగంలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, ఫ్యాన్‌తో పెద్ద పని ఉండదు. లక్షణం తిరగబడి, ఊళ్లో బాగుండి హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంటే రేడియేటర్ లోపల పూడిక, వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వ్) చూడాలి. అలాంటి బండికి ఫ్యాన్ స్విచ్ ఎన్ని వేసినా దండగే.

అయినా వైర్ల జోలికి పోకముందు మామూలు తనిఖీలు చేశాం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి చూస్తే కూలెంట్ నిండా ఉంది, నూనె తెట్టు లేదు. స్టార్ట్ చేసి చూస్తే ఆగకుండా బుడగలు రావడం కూడా లేదు, కాబట్టి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానం లేదు. క్యాప్ రబ్బరు మాత్రం ఎండి పగిలింది, మార్చాం. దీన్ని చిన్న విషయమనుకోవద్దు. 0.9 బార్ క్యాప్ సరిగా పట్టి ఉంటే లోపలి నీరు 115 డిగ్రీలు దాటినా మరగదు, క్యాప్ పీడనం వదిలేస్తే 100 దగ్గరే పొంగుతుంది. థర్మోస్టాట్ వాల్వ్ ఉందా లేదా అన్నది కూడా చూశాం. వేడెక్కుతోందంటే చాలు, చాలా చోట్ల ముందు దాన్నే పీకేస్తారు. ఇందులో ఉంది, పనిచేస్తోంది.

తర్వాత ఫ్యాన్. కనెక్టర్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చాం, మధ్యలో 20 యాంపియర్ల ఫ్యూజ్ పెట్టి. రొద లేదు, ఇరుసు పట్టే బుష్ వదులు కాలేదు. డీసీ క్లాంప్ మీటరు 9 యాంపియర్ల చుట్టూ చూపించింది, ఈ సైజు మోటారుకు అది సబబే. స్టార్టయ్యే క్షణంలో దీనికి రెండు మూడు రెట్లు లాగుతుంది, ఫ్యూజ్ ఎంచుకునేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి. గాలి ఎటు పోతోందో చూడటానికి ఒక కాగితం ముక్కను గ్రిల్ ముందు పట్టుకోండి. రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ అయితే కాగితం గ్రిల్‌కు అతుక్కోవాలి. బయటికి ఎగిరితే ప్లస్, మైనస్ తారుమారైనట్టు. అప్పుడు ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, బండి మాత్రం వేడెక్కుతుంది. మోటారు మార్చిన బండ్లలో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది.

పాత వైరింగ్‌లో కనిపించింది

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ కారు ఫ్యాన్‌కు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) లేదు. ఇగ్నిషన్ ఫ్యూజ్ నుంచి ప్లస్ నేరుగా మోటారుకు వస్తుంది, మోటారు మైనస్ థర్మోస్టాట్ హౌసింగ్ మీదున్న థర్మో స్విచ్ (వేడికి దానంతటదే కలిసే స్విచ్) గుండా ఎర్త్ అవుతుంది, అంటే బాడీ రేకు ద్వారా బ్యాటరీ మైనస్‌కు కలుస్తుంది. స్విచ్‌కు ఒకటే పిన్ను, రెండో కొన దాని ఇత్తడి శరీరమే, మరల (త్రెడ్‌ల) ద్వారా హౌసింగ్‌కు తగులుతుంది.

ఆ ఏర్పాటునంతా ఎవరో పక్కన పెట్టేశారు. థర్మో స్విచ్ వైరు తీసేసి టేపు చుట్టారు. బ్యాటరీ ప్లస్ నుంచి సన్నటి వైరు, సుమారు 0.5 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజ్ లేకుండా ఫైర్‌వాల్‌లో (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో) ఒక రంధ్రం చేసి లోపలికి లాగారు. అక్కడ టాగుల్ స్విచ్, మళ్లీ అదే దారిన వెనక్కి ఫ్యాన్ దాకా. మైనస్‌ను దగ్గర్లోని ఒక తుప్పు బోల్టుకు చుట్టారు. రంధ్రానికి గ్రోమెట్ (వైరును కాపాడే రబ్బరు వలయం) లేదు. రేకు అంచు రాసుకుని వైరు పైతొడుగు లేచిపోయి, లోపల రాగి పోగులు నల్లగా కనిపిస్తున్నాయి. ఇంకాస్త రాసుకుంటే బ్యాటరీ కరెంటు మొత్తం ఆ రేకు మీదకే. మధ్యలో ఆపడానికి ఫ్యూజ్ లేదు.

కొత్త టాగుల్ ఒకటి తాత్కాలికంగా పెట్టకుండా, ఆ కరిగినదాన్నే నొక్కిపట్టి, ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజ్ కొలిచాం. బ్యాటరీ దగ్గర 13.8. ఫ్యాన్ కొనల మధ్య 11.1. పోయిన 2.7 వోల్టులు ఎక్కడ పోయాయో వెతకడమే ఈ కేసులో అసలు పని. మల్టీమీటరును 20 వోల్టుల రేంజిలో పెట్టి, లోడ్ నడుస్తుండగానే ఒక్కో ముక్క రెండు చివర్లా ప్రోబ్ పెట్టి చూడాలి. సుమారు 4.2 మీటర్ల సన్న వైరు మీద 1.2, స్విచ్ కొనల మధ్య 0.7, ఎర్త్ బోల్టుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.8.

వైరు లెక్క కాగితం మీద కూడా సరిపోతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి మీటరుకు దాదాపు 35 మిల్లీ ఓములు, 4.2 మీటర్లకు 147. వోల్టేజ్ తగ్గినందున 9 కాకుండా 8 యాంపియర్లు దాని గుండా పోతే 1.18 వోల్టులు. ఇక స్విచ్ సంగతి. 0.7 వోల్టులను 8 యాంపియర్లతో గుణిస్తే 5.6 వాట్లు. వేలెడంత ప్లాస్టిక్ డబ్బాలో ఫ్యాన్ నడిచినంతసేపూ అంత వేడి పుడుతోంది. అది కరగడంలో వింత లేదు. స్విచ్ సైజు చిన్నదవడం ఒక్కటే కారణం కాదు, మోటారు కరెంటును స్విచ్ మోయాల్సి రావడమే కారణం.

ఇంకో సంగతి: ఓనరు ఆ స్విచ్ వేయడం మర్చిపోతే ఈ బండికి ఫ్యాన్ లేనట్టే. ఆటోమేటిక్‌గా వేసే స్విచ్‌ను పీకేశారు కదా. కుటుంబంలో ఇంకెవరైనా తీసుకెళ్తే, వాళ్లకు ఆ టాగుల్ సంగతి తెలియకపోతే, కర్తరి ఎండల్లో పూందమల్లి హై రోడ్డు మీద ఒక్క జామ్ చాలు.

మొదటి తప్పు ఎక్కడ జరిగింది

థర్మో స్విచ్ పాడైపోయిందని పీకేశారట. విప్పి చూశాం. ఒక గిన్నెలో నీళ్లు పోసి, స్విచ్ కొనను మునిగేలా తీగకు వేలాడదీసి, థర్మామీటరు పక్కనే పెట్టి స్టౌ మీద వేడిచేశాం. గిన్నె అడుగుకు స్విచ్ గానీ థర్మామీటరు గానీ తగలకూడదు, అడుగు ఎప్పుడూ నీటికన్నా వేడిగా ఉంటుంది. మీటరు కంటిన్యుయిటీలో ఒక ప్రోబ్ పిన్నుకు, ఒకటి ఇత్తడికి. 93 డిగ్రీల దగ్గర కూత వచ్చింది. స్టౌ ఆపాక 88 దగ్గర ఆగింది. స్విచ్ నిక్షేపంగా ఉంది. చెన్నై సముద్రమట్టానికి దగ్గర కాబట్టి ఈ పరీక్షకు 100 డిగ్రీల దాకా నీళ్లే చాలు. బెంగళూరులో అయితే నీరు 97 దగ్గరే మరుగుతుంది, 98 మీద పనిచేసే స్విచ్‌ను అక్కడ మామూలు నీళ్లలో పరీక్షించి పాడైందనేయకూడదు. నీళ్లలో సగం కూలెంట్ కలిపితే సరిపోతుంది.

పాడైంది స్విచ్ కాదు, దాని పిన్నుకు తగిలించే లగ్ (వైరు కొనకుండే లోహపు క్లిప్పు). ఆకుపచ్చ చిలుం పట్టి వేలితో తాకితే పొడిగా రాలింది. రాయపురం, కాశిమేడు వైపు సముద్రపు గాలిలో బయట నిలబడే బండ్లలో ఈ చిలుం మామూలే. అందులోనూ 9 యాంపియర్లు మోసే జాయింట్ అయితే, కొంచెం చిలుం పట్టగానే వేడెక్కుతుంది, వేడికి లగ్ పట్టు వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. దీనికి తోడు స్విచ్ మరలకు టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు ఉంది. లీకు కాకుండా చుట్టారు, కానీ ఒంటి పిన్ను స్విచ్‌కు ఎర్త్ వచ్చేది ఆ మరల నుంచే. ఒక లగ్, ఒక రాగి వాషరు మార్చాల్సిన పనికి బండి మొత్తం ఫ్యూజ్ లేని వైరింగ్ మీదకు వచ్చింది.

కొత్త సర్క్యూట్ ఆలోచన

మాన్యువల్ స్విచ్ వేయడాన్ని మేము వద్దనం. చెన్నై ఎండలో, సిగ్నల్ ముందు బండ్ల బారు కనిపించగానే ఫ్యాన్ వేసుకోగలగడం మంచిదే, ముల్లు పైకి లేచేదాకా ఆగక్కర్లేదు. థర్మో స్విచ్ దారిలో ఫెయిలైనా ఇంటికి చేరొచ్చు. షరతు ఒకటే: ఆ స్విచ్‌కు ఫ్యాన్‌ను వేసే అధికారం ఉండాలి, ఆపే అధికారం ఉండకూడదు. అంటే థర్మో స్విచ్‌కు సమాంతరంగా ఉండాలి, వరసలో కాదు. "ఆటో, ఆఫ్, ఆన్" అని మూడు స్థానాల స్విచ్ కొందరు అడుగుతారు. మధ్యలో ఉన్న ఆ ఆఫ్ వల్లే ఇంజిన్లు పోతాయి. మోకాలు తగిలి మధ్యకు వచ్చినా తెలియదు. మామూలు ఆన్-ఆఫ్ రాకర్ (అటూ ఇటూ నొక్కే స్విచ్) చాలు. ఆఫ్‌లో ఉంటే ఆటో, ఆన్‌లో ఉంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

రిలే అమరిక ఇలా (అంకెలు రిలే పిన్నుల పేర్లు, 86, 85 దాని కాయిల్ కొనలు): 30కి బ్యాటరీ ప్లస్, ఫ్యూజ్ ద్వారా. 87 నుంచి ఫ్యాన్ ప్లస్. ఫ్యాన్ మైనస్ నేరుగా బాడీ ఎర్త్‌కు. 86కి ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే 12 వోల్టులు. 85 నుంచి రెండు వైర్లు, ఒకటి థర్మో స్విచ్‌కు, ఒకటి డాష్‌బోర్డులో రాకర్‌కు. రాకర్ రెండో కొన ఎర్త్. రెండిట్లో ఏది ఎర్త్ ఇచ్చినా రిలే లాగుతుంది, అంటే 30, 87 కలిసి ఫ్యాన్ తిరుగుతుంది.

కంట్రోల్‌ను ఎర్త్ వైపు పెట్టడంలో ఒక లాభం ఉంది. డాష్‌బోర్డుకు పోయే వైరు ఎక్కడైనా నలిగి బాడీకి తగిలితే ఫ్యూజ్ పోదు, పొగ రాదు. ఫ్యాన్ ఆన్ అయి అలాగే తిరుగుతుంది, అంతే. ఓనరుకు చప్పుడుతోనే తెలిసిపోతుంది. లోపలికి పోయే వైరులో పారేది రిలే కాయిల్ కరెంటు, సుమారు 150 మిల్లీ యాంపియర్లు. ఏ చిన్న స్విచ్ అయినా ఏళ్ల తరబడి మోస్తుంది. థర్మో స్విచ్‌కూ ఇప్పుడు అంతే భారం. దాని జాయింటులో 2 ఓముల చిలుం పేరుకున్నా పోయేది 0.3 వోల్టు, రిలే నిక్షేపంగా లాగుతుంది. పాత పద్ధతిలో అవే 2 ఓములుంటే ఫ్యాన్ బాగా నీరసించేది.

సామాన్లు

చెన్నైలో బండి సామాన్ల దుకాణాలుండే జీపీ రోడ్డులో అన్నీ దొరుకుతాయి. 12 వోల్టుల, 30 లేదా 40 యాంపియర్ల నాలుగు పిన్నుల రిలే ఒకటి, దాని హోల్డరు. బ్లేడ్ ఫ్యూజ్ హోల్డరు మూతతో ఉన్నది, 20 యాంపియర్ల ఫ్యూజ్, స్పేర్ ఒకటి. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు ఎరుపు 2 మీటర్లు, నలుపు ఒక మీటరు. 0.75 వైరు 4 మీటర్లు. 6.3 మిల్లీమీటర్ల లగ్గులు పది, 6 మిల్లీమీటర్ల రింగ్ లగ్గులు నాలుగు, హీట్ ష్రింక్ స్లీవ్, 3 మీటర్ల కోరుగేటెడ్ పైపు, గ్రోమెట్, రాకర్ స్విచ్, థర్మో స్విచ్‌కు రాగి వాషరు. సీలింగ్ ఫ్యాన్లకు వాడే ఇంటి వైరు మిగిలిందని తేవద్దు. దాని పీవీసీ 70 డిగ్రీల రకం, రేడియేటర్ పక్కన అది నిలవదు. ఆటో వైరు 105 డిగ్రీల రకం అడిగి తీసుకోవాలి.

రిలేల్లో నకిలీలు చాలా. మీద 40 అని ఉంటుంది, లోపల కాంటాక్ట్ మిరియం గింజంత ఉండదు. కొన్నాక 9 యాంపియర్ల లోడ్ పెట్టి 30, 87 మధ్య వోల్టేజ్ కొలవండి. 0.1 లోపు ఉండాలి. 0.2 దాటితే తిరిగి ఇచ్చేయడమే.

బిగించిన తీరు

బ్యాటరీ మైనస్ తీసి మొదలుపెట్టాం. పాత సన్న వైరు పూర్తిగా లాగేశాం, ఒక ముక్క కూడా లోపల వదల్లేదు.

ఫ్యూజ్ హోల్డరు బ్యాటరీ ప్లస్ నుంచి 15 సెంటీమీటర్ల లోపే. ఫ్యూజ్ కాపాడేది ఫ్యాన్‌ను కాదు, తన తర్వాత ఉన్న వైరును. కాబట్టి దానికి ముందు ఎంత వైరు ఉంటే అంత వైరుకు దిక్కులేనట్టే. రిలేను బ్యాటరీకి, రేడియేటర్‌కు దూరంగా, లోపలి రెక్క రేకు (చక్రం పైన ఉండే ఫెండర్) మీద పిన్నులు కిందికి చూసేలా బిగించాం. పైకి చూస్తే వానకాలంలో, వాటర్ సర్వీసులో నీళ్లు హోల్డరులో నిలుస్తాయి. వైర్లు రిలే దగ్గరికి కింద నుంచి ఒక వంపు తిరిగి రావాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

పాత ఇగ్నిషన్ ఫీడ్ వైరు ఫ్యాన్ కనెక్టర్ దాకా ఎలాగూ ఉంది. దాన్నే 86కి మళ్లించాం. ఆ ఫ్యూజ్ మీద ఇంకేమీ నడవడం లేదని ఫ్యూజ్ పీకి, లైట్లు, హారన్, వైపర్ అన్నీ వేసి చూసుకుని, 15 తీసి 5 యాంపియర్లది పెట్టాం. 86ను బ్యాటరీకి నేరుగా ఇవ్వకపోవడానికి కారణం: రాకర్ ఆన్‌లో మర్చిపోయి తాళం తీసుకెళ్తే, ఇలాంటి కారు 35 యాంపియర్-అవర్ బ్యాటరీ నాలుగు గంటలు కూడా నిలవదు.

ఫ్యాన్ ఎర్త్‌కు కొత్త చోటు: పెయింటు, తుప్పు ఎమెరీతో గీకి రేకు మెరిసేదాకా చేసి, స్టార్ వాషరుతో 6 మిల్లీమీటర్ల బోల్టు. బిగించిన తర్వాత పైన వాసెలిన్ దట్టంగా. వాసెలిన్ ముందు పూసి బిగిస్తే కూడా పరవాలేదు గానీ, పెయింటు మీద బిగించి ఎంత పూసినా లాభం లేదు.

లగ్గులన్నీ క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, లాగి చూసి, స్లీవ్ వేశాం. సోల్డర్ వద్దన్నాం. సోల్డర్ పాకిన చోట వైరు కడ్డీలా గట్టిపడి, ఇంజిన్ అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గర విరుగుతుంది. ఇక వైర్లు మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టడమైతే, ఈ ఊరి ఎండకు జిగురు కరిగి రెండో వేసవికి ఊడొస్తుంది.

లోపలికి కొత్త రంధ్రం చేయలేదు. పాత రంధ్రాన్ని గ్రోమెట్‌తో మూసి, కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) పోయే పెద్ద గ్రోమెట్‌లోంచే రాకర్‌కు 0.75 వైరు పంపాం. రాకర్ లోపల లైటు ఉన్నది కొన్నారు కాబట్టి ఒక జాగ్రత్త: అలాంటి మూడు పిన్నుల రాకర్‌ను ప్లస్ వైపు స్విచ్ చేయడానికి తయారుచేస్తారు. దాని మీద గుర్తుల ప్రకారం ప్లస్ ఒకదానికి, ఎర్త్ ఒకదానికి ఇచ్చి మిగిలినదాన్ని 85కి కలిపితే ఈ సర్క్యూట్ పనిచేయదు. ఆన్ చేసినప్పుడు కాయిల్ రెండు వైపులా ప్లస్సే, థర్మో స్విచ్ అప్పుడే కలిస్తే నేరుగా షార్ట్. అందుకే ఇక్కడ రెండు కాంటాక్టులే వాడి, లైటు పిన్ను ఖాళీగా వదిలాం. సూచనకు విడిగా ఒక 12 వోల్టుల ఎల్ఈడీని 87 నుంచి 1 యాంపియర్ ఫ్యూజ్‌తో తెచ్చి డాష్‌లో పెట్టాం. ఆటోలో ఫ్యాన్ వచ్చినా, మాన్యువల్‌గా వేసినా అది వెలుగుతుంది.

కొలతలు, పరీక్ష

ఫ్యాన్ కొనల మధ్య 13.55 వోల్టులు, బ్యాటరీ దగ్గర 13.8. కరెంటు 9.2 యాంపియర్లు. ఎర్త్ వైపు పడిపోయేది 0.05. చెవికే తేడా తెలుస్తోంది, ముందు ఈడ్చుకుంటూ తిరిగిన ఫ్యాన్ ఇప్పుడు గట్టిగా ఈల వేస్తోంది.

బానెట్ మూసి, రాకర్ ఆఫ్‌లో ఉంచి, ఎండలోనే ఐడిల్‌లో వదిలాం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హౌసింగ్ చూసేవాళ్లకు ఒక మాట. మెరిసే అల్యూమినియం మీద అది పదులకొద్దీ డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఒక అంగుళం నల్ల టేపు అంటించి దాని మీద చూడాలి. అలా చూస్తే 94 దగ్గర ఫ్యాన్ వచ్చింది, 87 దగ్గర ఆగింది. గిన్నె పరీక్షకు దగ్గరగానే ఉంది. తర్వాత రాకర్ ఆన్. ఆన్‌లో ఉండగానే థర్మో స్విచ్ లగ్ తీసి, పెట్టి చూశాం. ఫ్యాన్‌లో మార్పు రాకూడదు, రాలేదు. హెడ్‌లైట్లు, వైపరు, బ్లోయరు అన్నీ వేసి ఐడిల్‌లో బ్యాటరీ వోల్టేజ్ చూస్తే 13.1. ఇది 12.6 కిందికి పోయి ఉంటే ఆల్టర్నేటర్ చూడాల్సి వచ్చేది, ఎందుకంటే ఫ్యాన్ ఒక్కటే ఇప్పుడు సుమారు 125 వాట్లు తింటోంది.

ఓనరుకు చెప్పినవి రెండే. హైవే మీద రాకర్ ఆఫ్‌లో ఉన్నా ఎల్ఈడీ మినుకుమినుకుమంటే కంగారు పడొద్దు. ఎదురుగాలికి ఫ్యాన్ తిరిగి మోటారే చిన్న జనరేటర్‌లా పనిచేస్తుంది, ఆ వోల్టేజ్ అది. ఇంకోటి, ఎల్ఈడీ పూర్తిగా వెలుగుతున్నా ముల్లు ఎక్కుతుంటే బండి ఆపాలి. ఆ దీపం కరెంటు 87 దాకా వచ్చిందనే చెబుతుంది, రెక్కలు తిరుగుతున్నాయని చెప్పదు.

ఇదే పని వేరే బండి మీద చేసేటప్పుడు

కొన్ని రిలేల లోపల డయోడ్ (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చేది) ఉంటుంది, డబ్బా మీద బొమ్మలో కనిపిస్తుంది. వాటికి 86 ప్లస్, 85 మైనస్ తప్పకుండా పాటించాలి. తారుమారైతే కాయిల్ ఫ్యూజ్ వెంటనే పోతుంది, లేదంటే డయోడ్ పోతుంది. ఐదు పిన్నుల రిలే వాడితే 87ఎ ఖాళీగా వదిలి స్లీవ్ వేయాలి. రిలే వదిలినప్పుడు ఆ పిన్నుకు బ్యాటరీ ప్లస్ ఉంటుంది.

థర్మో స్విచ్ ఎర్త్ వైపు కాకుండా ప్లస్ వైపు తెంపే కార్లూ ఉన్నాయి. వైరు రంగు చూసి ఊహించొద్దు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఇగ్నిషన్ ఆన్‌లో స్విచ్ వైర్లు ఊడదీసి కొలవండి. ఫ్యాన్ నుంచి వచ్చే వైరులో 12 వోల్టులు కనిపిస్తే ఎర్త్ వైపు, ఆ వైరులో ఏమీ లేక ఇంకో వైరులో 12 ఉంటే ప్లస్ వైపు.

ఈసీయూ నడిపే కొత్త కార్లలో అసలు రిలే కాయిల్ వైరును తాకొద్దు. మనం ఎర్త్ ఇచ్చినప్పుడు కొన్ని ఈసీయూలు దాన్ని లోపంగా నమోదు చేసి చెక్ ఇంజిన్ దీపం వేస్తాయి. అక్కడ విడిగా రెండో రిలే, దానికి సొంత ఫ్యూజ్ పెట్టి, దాని 87ను ఫ్యాన్ ప్లస్ వైరుకు కలిపితే కంపెనీ సర్క్యూట్ తన పని తాను చేసుకుపోతుంది. ఫ్యాన్ మైనస్ నేరుగా ఎర్త్ అయ్యే బండ్లకే ఇది పనికొస్తుంది. రెండు స్పీడుల ఫ్యాన్ అయితే రెసిస్టర్ తర్వాతి వైరుకు, అంటే హై స్పీడ్ వైపు కలపాలి. ఫ్యాన్‌కు మూడు నాలుగు సన్న వైర్లు వచ్చి, మోటారు మీదే కంట్రోల్ డబ్బా ఉంటే అది వేగాన్ని పల్సులతో మార్చే రకం. దానికి ఈ పద్ధతిలో స్విచ్ వేయకూడదు, నేరుగా ప్లస్ ఇస్తే ఆ డబ్బా కాలిపోతుంది.